ఓబుళమ్మ షెడ్డులో సగటు లెక్క

నేను ఒక థర్మామీటరును. చెక్కకు బిగించిన గాజు గొట్టం, అందులో ఎర్రటి ద్రవం, అంతే నా ఒళ్లు. మొదట ఒక కోళ్లఫారంలో వేలాడాను. అక్కడి యజమాని ఒళ్లంతా చెమట కారుతున్నా నన్ను చూశాకే ఉక్కగా ఉందని నమ్మేవాడు. మనుషులంతే. ఫారం మూతపడ్డాక కదిరి దగ్గర ఓబుళమ్మ పట్టుపురుగుల షెడ్డుకు చేరాను.

పోయిన పంట రోగమొచ్చి పోయింది. ఇదీ పోతే కూతురు హేమలతను బడి మాన్పించి బెంగళూరుకు కూలికి పోవాల్సిందేనని ఓబుళమ్మ తేల్చి చెప్పింది. ఇప్పుడు ఒకదానిపై ఒకటి పేర్చిన తట్టల్లో పురుగులు బాగా ఎదిగి, మల్బరీ ఆకును వాన కురిసినట్టు చప్పుడు చేస్తూ తింటున్నాయి. ఇక గూళ్లు కట్టడమే తరువాయి.

ఆ ఆదివారం ఎండ మండిపోయింది. రేకుల కప్పు కింద నా గీత ముప్పై నాలుగుకు ఎక్కింది. పక్కనే తోటలో ఆకు కోస్తున్న ఓబుళమ్మ కేకేసింది.

"హేమా, గోనెపట్టలు తడిపి కిటికీలకు కట్టాల్నా ఏమే? చూసి చెప్పు."

ఏడో తరగతి హేమలతకు ముందురోజే బడిలో సగటు నేర్పారు. ఆ హుషారు ఇంకా దిగలేదు.

"వద్దులే మా. పొద్దున పద్దెనిమిదుండె, ఇప్పుడు ముప్పై నాలుగు. సగటు ఇరవై ఆరు. పురుగులకు కావాల్సింది అంతే గదా."

"సదువుకున్నదానివి, నువ్వు చెప్తే సరే" అని తల్లి మళ్లీ కొడవలి పట్టింది.

లెక్క తప్పు కాదు, నా కడుపుమంట అదే. ఎప్పుడో పోయిన చలిని తెచ్చి కూడితే ఈ ఎండ తగ్గుతుందా? నాకు నోరుంటే ఆ పిల్ల చెవి మెలిపెట్టి చెప్పేవాణ్ణి. గీత ముప్పై ఎనిమిది తాకింది. ఆకు తినే ఆ వాన చప్పుడు సన్నగిల్లి, ఆగిపోయింది. పురుగులు తలలెత్తి కదలకుండా ఉండిపోయాయి. నాకు భయమేసింది.

ఆకుమోపుతో వచ్చిన ఓబుళమ్మ గుమ్మంలోనే ఆగి చెవి ఒగ్గింది. మోపు జారవిడిచింది.

"నీళ్లు తే హేమా."

ఇద్దరూ గోనెలు తడిపి కిటికీలకు కట్టారు, నేలంతా నీళ్లు చల్లారు. ఆ తొందరలో హేమలత మోచేయి తగిలి నేను కింద పడ్డాను. గాజు పగల్లేదు గానీ ఎర్రగీత తెగి, ఒక ముక్క ముప్పై ఎనిమిది దగ్గరే ఇరుక్కుపోయింది.

తాజా ఆకు వేసి తల్లీకూతుళ్లు గోడకానుకుని కూర్చున్నారు. చాలాసేపు తట్టల్లో ఆకు తినే చప్పుడే లేదు.

"లెక్క సరిగ్గానే చేసినా గదమ్మా" అంది హేమలత ఏడుస్తూ.

"చేసినావులే. పురుగుకు ఇప్పుడు కాలుతాంటే, పొద్దుటి చలి ఏం చేసుకుంటాదే?"

పొద్దు వాలుతుండగా కింది తట్టల్లో సన్నగా చప్పుడు మొదలైంది. ఓబుళమ్మ కళ్లు తుడుచుకుంది. రేకులకు దగ్గరగా ఉన్న పైతట్టల్లో పురుగులు మాత్రం మళ్లీ కదల్లేదు.

మిగిలినవి గూళ్లు కట్టాయి. హేమలతకు బడి మానాల్సిన పని తప్పింది. షెడ్డుకు కొత్త థర్మామీటరు వచ్చాక నన్ను పారేయబోతే ఆ పిల్లే అడ్డుపడి, తను చదువుకునే మూల మేకుకు తగిలించుకుంది. ఏ వేళ చూసినా నాలో ముప్పై ఎనిమిదే. సగటు లెక్క వచ్చినప్పుడల్లా గబగబా జవాబు రాసేస్తుంది, తర్వాత తలెత్తి నా వైపు చూస్తుంది. ఆ పైతట్టలు గుర్తొస్తాయి కాబోలు, కాసేపు కలం కదలదు.