బరువు చెయ్యి, బిరుసు ముల్లు

నేను ఒక రికార్డు ప్లేయరుని. గ్రామఫోనుని కాదు. నాకు ఇత్తడి బూర లేదు, పక్కన తిప్పే హేండిలూ లేదు. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. ఎందుకంటే నన్ను చూసిన ప్రతివాళ్ళూ "అబ్బ, గ్రామఫోనే!" అని నోరు తెరుస్తారు. నేను కరెంటుతో తిరిగేదాన్ని. నా పళ్ళెం బరువు. దాని పక్కనుండి, ముల్లుని మోసుకుని రికార్డు మీద వాలే నా చెయ్యి కూడా బరువే. ఈ కథంతా ఆ చేతి గురించే.

పుట్టింది జపానులో. అక్కడ నన్ను బిగించినవాళ్ళు చేతులకి తెల్ల తొడుగులు వేసుకునేవారు. అంత మర్యాద మళ్ళీ నాకెక్కడా జరగలేదు. ఓడలో పనిచేసే ఒక ఇంజనీరు నన్ను కొనుక్కుని విశాఖపట్నంలో దిగాడు. ముందుగదిలో పెట్టి, పైన అల్లిక గుడ్డ కప్పి, వచ్చిన చుట్టాలందరికీ చూపించేవాడు. చూపించడమే గానీ వినిపించడం తక్కువ. "ముట్టుకోకండి, ఫారిన్‌ది" అన్న మాటే ఆ ఇంట్లో నేను ఎక్కువగా విన్న సంగీతం. టేపురికార్డరు రాగానే ఆ అల్లిక గుడ్డ దాని మీదికి మారింది, నేను గుడివాడకి మారాను.

గుడివాడలో వీరాస్వామి మైకు సెట్టు నడిపేవాడు. పెళ్ళిళ్ళు, నవమి పందిళ్ళు, ఎలక్షన్లు, అన్నిటికీ నన్ను రిక్షాలో వేసుకుని పోయేవాడు. ఎండా దుమ్మూ నా ఒంటినిండా ఉండేవి. అయినా అబద్ధమెందుకు, నాకు అక్కడ హాయిగానే ఉండేది. ఊరంతా వినేది కదా. కాకపోతే పందిరి కింద నేల ఎగుడుదిగుడు, పక్కన జనరేటరు దడదడ. ముల్లు రికార్డు గాడి దాటి గెంతేది. మైకు సెట్టు వాళ్ళందరికీ దానికి తెలిసిన వైద్యం ఒకటే. వీరాస్వామి నా చేతి కొసమీద ఒక పావలా బిళ్ళ పెట్టి జిగురుతో అంటించేశాడు. ముల్లు గెంతడం మానేసింది, రికార్డులు అరగడం మొదలుపెట్టాయి. అరిగినప్పుడల్లా ఇంకోటి కొనేవాడు, మహారాజు.

ఆయన తరవాత నన్ను పట్టించుకున్నవాళ్ళు లేరు. బెజవాడలో సుభానీ పాతసామాన్ల కొట్లో, రెక్కలు విరిగిన ఫ్యాన్ల మధ్య తేలాను. ఇక ఇంతే అనుకున్నాను.

అలా ఉండగా తెనాలి నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చారు. కోటిలింగం గారు పద్యనాటకాలకి హార్మణీ వాయించిన మనిషి. మాణిక్యాంబ గారు ఆ నాటకాల్లో రాణి వేషాలు కట్టి పద్యాలు పాడిన మనిషి. పెళ్ళయి మనవలు పుట్టినా ఆవిడ ఆయన్ని "మేష్టారూ" అనే పిలుస్తుంది.

ఆయన నన్ను కొన్న తీరు చూసి ముచ్చటేసింది. పళ్ళేన్ని వేలితో తిప్పి, చెవి ఆనించి మోటారు విన్నాడు. చేతిని మెల్లిగా ఎత్తి, మొదలు దగ్గర వదులుందేమోనని అటూ ఇటూ కదిపి చూశాడు. ముల్లు మాత్రం ఎప్పుడో విరిగిపోయింది.

"మోటారు బెమ్మాండంగా తిరుగుద్ది సార్. ముల్లొకటి వేయించుకోండి. ఆ పావలా కూడా మీకే, ఊరికే ఇస్తన్నా" అన్నాడు సుభానీ.

ఇంటికి చేరాక గానీ నాకు అసలు సంగతి తెలియలేదు. మాణిక్యాంబ గారు పందొమ్మిదేళ్ళ వయసులో మద్రాసు వెళ్ళి ఒక రికార్డు ఇచ్చింది. చిన్న రికార్డు, ఒకే పద్యం. కోటిలింగం గారు అప్పటికింకా పరిచయం లేడు. హార్మణీ ఎవరో కంపెనీ మనిషి వాయించాడు. పద్యం చివర తీసిన రాగంలో పై షడ్జం, అంటే పై 'స', దగ్గర తన గొంతు జారిందని ఆవిడకి అనుమానం. మళ్ళీ పాడతానంటే "టైం లేదమ్మా, బాగానే ఉంది" అని పంపించేశారట. రికార్డు చేతికొచ్చింది గానీ, దాన్ని వేసుకోవడానికి ఇంట్లో ఏమీ లేదు. ఇంకొకళ్ళ ఇంట్లో, పదిమందిలో తన తప్పు వినడానికి మనసొప్పలేదు. అలా బీరువాలో చీరల మధ్య ఉండిపోయింది. ప్రపంచంలో ఇంకెక్కడైనా దానికి ఇంకో కాపీ ఉందో లేదో తెలియదు. తను బాగా పాడిందో లేదో, ఒక్కసారి వినాలి. ఆవిడ కోరిక అంతే.

కోటిలింగం గారు నన్ను శుభ్రంగా తుడిచాడు. పావలా ఊడగొట్టి సొరుగులో పడేశాడు. హైదరాబాదులో కార్ట్రిడ్జిలు అమ్మే కుర్రాడికి ఫోను చేసి "నీ దగ్గరున్నవాటిల్లో మంచిది పంపు బాబూ" అన్నాడు. కార్ట్రిడ్జి అంటే ముల్లుని పట్టుకుని ఉండే చిన్న డబ్బీ. అతను నిజంగానే మంచిదే పంపాడు. పేరున్నది, సున్నితమైనది, నాజూకైనది. పెళ్ళికొడుకు చదువూ రూపూ అన్నీ అడిగి, పిల్ల జాతకం మాత్రం చూపించకుండా ముహూర్తం పెట్టుకున్నట్టయింది. నా చెయ్యి ఎలాంటిదో ఆయన చెప్పలేదు, అతను అడగలేదు. నాకేమో నోరు లేదు.

ఆ ముల్లుని స్ప్రింగులా ఆపి ఉంచే పట్టు మరీ మెత్తన. నా చేతి బరువుకి అది ఊయల ఊగినట్టు ఊగింది. రికార్డు కాస్త వంగిన చోటల్లా గెంతింది. కోటిలింగం గారు నాటకాలవాడు, ఎన్ని పందిళ్ళలో ఎన్ని మైకు సెట్లు చూశాడో. తిన్నగా సొరుగు తీశాడు.

"బరువు చాల్లేదు మాణిక్యం. పావలా పెడితే కుదురుద్ది. నీ రికార్డు తే."

"నాది పెట్టమాకండి. ముందు మీది పెట్టండి" అందావిడ, రికార్డుని గుండెకి హత్తుకుని.

ఆవిడ ఆ మాట అనకపోతే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ నాకు వణుకొస్తుంది. ఆయన తనకి ప్రాణమైన సన్నాయి రికార్డు పెట్టి, పావలా మోపాడు. మెత్తటి ముల్లు ఆ బరువుకి చతికిలపడిపోయింది. కార్ట్రిడ్జి పొట్ట రికార్డుని రాసుకుంటూ కర్రుమని గీసేసింది. ఆయన గబుక్కున చెయ్యెత్తేసరికే సన్నాయి మీద తెల్లటి గీత పడింది. ఆవిడ తన రికార్డుని మళ్ళీ చీరల మధ్య పెట్టేసింది.

"పోన్లెండి మేష్టారూ. ఇన్నాళ్ళు వినలా, ఇప్పుడేం కొంప మునిగింది" అంది. మునగలేదు గానీ, ఆవిడ మొహం చూడలేకపోయాను.

మర్నాడు ఆయన హార్మణీ విప్పి కూర్చున్నాడు. మనసు బాగోకపోతే ఆయనకదే పని. ఒక మెట్టు నొక్కితే కిందికి పోయి, లేవకుండా ఉండిపోయింది. దాని కింద స్ప్రింగు మెత్తబడింది. ఆయన ఆ మెట్టునీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! తప్పు బరువుది కాదు మాణిక్యం, స్ప్రింగుది! చెయ్యి బరువైనప్పుడు ముల్లు బిరుసుగా ఉండాలి. మనం మెత్తటిది తగిలించి, పైన పావలా కూడా ఎక్కించాం."

నాకు నోరుంటే కేక వేసేదాన్నే. హైదరాబాదు కుర్రాడు ఫోనులో "బరువు చెయ్యా సార్? ముందే చెప్పాలి కదా" అన్నాడు. ఈసారి పాతకాలపు మోడలు, చూడ్డానికి ఏమంత అందంగా లేనిది, గట్టి పట్టున్నది పంపాడు. అది తగిలించగానే నాకు ఒళ్ళు కుదుటపడింది. గీత పడిన సన్నాయి కూడా, ఆ గీత దగ్గర టిక్కుమంటూనే, దారి తప్పకుండా సాగింది.

అప్పుడు మాణిక్యాంబ గారు బీరువా తీసింది.

ముల్లు దిగింది. హార్మణీ కాసేపు మోగాక ఒక ఆడపిల్ల గొంతు లేచింది. సన్నగా, ధీమాగా, ఎవరికీ బెదరని గొంతు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ హార్మణీ వాడెవడో గానీ, తెగ తొక్కేస్తున్నాడు" అని కోటిలింగం గారు గొణిగాడు. చివరి రాగం వచ్చింది. పై షడ్జం దగ్గర గొంతు జారింది, వెంట్రుకవాసి.

"అదిగో!" అని ఆవిడ ఒక్క నవ్వు నవ్వింది. కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి. "ఇంతేనా మేష్టారూ? ఈ కాస్తకా నేను ఇన్నేళ్ళు భయపడి చచ్చింది? ఎంత బాగా పాడింది, పిచ్చిపిల్ల!"

మళ్ళీ పెట్టించుకుంది. ఈసారి తనూ గొంతు కలిపింది. కలవలేదు. ఆ పిల్ల ఉన్న ఎత్తుకి ఈవిడ గొంతు అందలేదు. అలవాటుకొద్దీ, స్టేజీ మీదున్నట్టే, "శ్రుతి కాస్త దించండి మేష్టారూ" అంది.

ఆయన చెయ్యి కూడా అలవాటుకొద్దీ గాలిలో మెట్ల కోసం వెతికింది. అంతలో నా పక్కనున్న చిన్న బొత్తాం కనబడింది. అది వేగం సరిచూసుకోవడానికి పెట్టింది; వేగం తగ్గితే శ్రుతీ దిగుతుంది. వేగం ఇసుమంత తప్పినా మా జాతికి తలవంపులు. ఆయన దాన్ని మెల్లిగా వెనక్కి తిప్పాడు. తగ్గనా వద్దా అని నేనేమీ ఆలోచించలేదు, సంతోషంగా నెమ్మదించాను. నాతోపాటు ఆ పిల్ల కూడా ఒక మెట్టు దిగి, ఈవిడ పక్కన వచ్చి నిలబడింది.

ఇద్దరూ కలిసి పద్యం ఎత్తుకున్నారు. పై షడ్జం దగ్గర ఆ పిల్ల మళ్ళీ జారింది. మాణిక్యాంబ గారు జారలేదు.