బావ బిగించిన మీటర్లు

మా బావకు చదువు అంతంతమాత్రం. నాకూ అంతే. కాకపోతే ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకు తెలియదు.

ఎప్పుడో ఇంట్లో రేడియో విప్పి, తిరిగి బిగించాక నాలుగు మరలు మిగిల్చాడు. ఖర్మకాలి రేడియో పాడింది. "కంపెనీవాడు నాలుగు మరలు దండగ్గా పెట్టాడ్రా" అని ఊరంతా చాటుకుని, ఆ దెబ్బతో ఇంజనీరైపోయాడు. వీధిలో అందరూ "ఇంజనీరుగారూ" అనే పిలుస్తారు. అది వెటకారమని తెలియక ఆయన పలుకుతాడు.

అక్కకు బట్టలుతికే షెడ్డు ఉంది. మూడు పెద్ద మిషన్లు, ఇస్త్రీకి రెండు బల్లలు, ఒక ముసలి డీజిల్ వ్యాను. ఆ వ్యాను నడిపేది మా మేనకోడలు అమ్మడు. తండ్రి తెలివి అంటకుండా పుట్టిన పిల్ల. కాళ్ళరిగేలా తిరిగి పెద్దాసుపత్రి దుప్పట్ల పని సంపాదించింది. సంపాదించిందంటే ఇంకా చేతికి రాలేదు. ముందు ఒక వారం పరీక్ష. ఉతికిన దుప్పట్లు రోజూ పొద్దున్న ఏడింటికల్లా ఆపరేషన్ గది పక్కనున్న స్టోరుకు చేరాలి. ఒక్కరోజు ఆలస్యమైనా పని ఇంకొకళ్ళకు పోతుంది. షెడ్డులో కొత్త మిషను పెట్టాలన్నా, ఉన్న మనుషుల్ని ఉంచుకోవాలన్నా ఆ పనే దిక్కు.

సరిగ్గా ఆ వారమే మా బావకు తెలివి పుట్టుకొచ్చింది.

వ్యానులో పాత మీటర్లు పనిచేసి చాలాకాలమైంది. డీజిల్ ముల్లు రెండేళ్ళుగా సగం దగ్గరే కూర్చుని ఉంది. అమ్మడు పుల్ల పెట్టి ట్యాంకు కొలుచుకుని నడుపుకునేది. అడ్డమేమీ రాలేదు. కానీ బావ పాత ఇనుము కొట్టుకు వెళ్ళి, గోడకు గుద్దుకుని నుజ్జయిన ఒక ఖరీదైన కారులోంచి మీటర్ల బోర్డు మొత్తం ఊడబెరుక్కొచ్చాడు. పసిపిల్లను ఎత్తుకున్నట్టు తువ్వాల్లో చుట్టి తెచ్చాడు.

నా సీట్లు కుట్టే కొట్టు షెడ్డు పక్కనే. సూది పక్కనపెట్టి చూడ్డానికి వెళ్ళాను. ఇలాంటివి వదులుకునే మనిషిని కాను.

"ఏం బావా, కారు ఎప్పుడొస్తుంది? ముందు మీటర్లు పంపారా?"

"నీకేం తెలుసురా గోనెసంచులు కుట్టేవాడివి! చూడు, స్పీడు రెండొందల అరవై దాకా ఉంది."

"మన బండి అరవై దాటితే తలుపు ఊడుతుంది కదా బావా."

"ఉండటం వేరు, వెళ్ళటం వేరు. ఇంట్లో బీరువా ఉంటుంది. దాన్నిండా బంగారం ఉంటుందా?"

ఇదీ ఆయన తర్కం. కింద పడ్డా పైచేయి తనదే.

వ్యాను డాష్‌బోర్డులో ఉన్న సందు చిన్నది, తెచ్చిన బోర్డు పెద్దది. చాకు ఎర్రగా కాల్చి సందు కోశాడు. కోసిందాన్ని చూస్తే ఎలుకలు కొరికాయా, మనిషి కోశాడా అన్నది చెప్పలేం. వెనకాల గుత్తులు గుత్తులుగా వైర్లు. ఏ రంగుకు ఆ రంగు కలిపేశాడు. ఎర్రదానికి ఎర్రది, పచ్చదానికి పచ్చది. పెళ్ళిసంబంధాలు కూడా అంత గుడ్డిగా చూడరు. రంగు కలవక మిగిలిన వైర్లను చుట్టచుట్టి లోపలికి కుక్కి, "కంపెనీవాడి దండగ" అన్నాడు.

తాళం తిప్పితే బోర్డు వెలిగింది! నీలం రంగు వెలుగు. ఆ వెలుగులో బావ మొహం చూడాలి, ఆకాశంలోంచి ఊడిపడ్డవాడిలా ఉన్నాడు.

మర్నాడు అమ్మడు ఒక రౌండు కొట్టి వచ్చి దిగింది.

"నాన్నా, సైకిల్ మీద ఒక ముసలాయన నన్ను దాటి వెళ్ళాడు. అప్పుడు నీ మీటరు ఎనభై చూపిస్తోంది."

"ఆయన గట్టిగా తొక్కి ఉంటాడమ్మా."

"డీజిల్ పోయిస్తుంటే ముల్లు కిందికి దిగుతోంది. నిండా పోయించేసరికి సున్నాకొచ్చింది."

నేను నవ్వాపుకోలేక బట్టలమూట మీద కూలబడ్డాను. ట్యాంకులో తేలే బంతి ఒకటుంటుంది. అది పైకీ కిందికీ ఆడినప్పుడల్లా ముల్లుకు కబురందుతుంది. మన బండి కబురు ఒక రకం, ఆ కారు ముల్లు చదువుకున్నది ఇంకో రకం. నిండితే ఖాళీ అని, ఖాళీ అయితే నిండిందని చదువుతోంది.

బావ ఒక్క క్షణం గతుక్కుమన్నాడు. మరుక్షణమే గొంతు సవరించుకున్నాడు.

"పెద్ద కార్లలో అంతేనమ్మా. ఎంత ఉందో చూపించరు, ఎంత ఖాళీ ఉందో చూపిస్తారు. డబ్బున్నవాళ్ళకు ఉన్నదాని మీద ధ్యాస ఉండదు."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటే ఫరవాలేదు, ఈయన కుందేలుకు కాళ్ళే ఉండవంటాడు!

అక్కడితో ఆగాడా? ఇంట్లో అందరికీ పాఠం మొదలుపెట్టాడు. "ముల్లు పైనుంటే?" అని అరిచేవాడు. "ఖాళీ" అని అక్క వంటగదిలోంచి పలకాలి. "కిందుంటే?" "నిండా!" మూడు రోజుల్లో అందరికీ అలవాటైపోయింది. అమ్మడికైతే వాదించే తీరిక లేదు. తలకిందులుగా చదువుకుంటూ వేళకు దుప్పట్లు చేరవేస్తోంది. బావ మాత్రం వీధిలో కనిపించినవాడినల్లా పట్టుకొచ్చి నీలం వెలుగు చూపిస్తున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. తప్పు చేసినవాడు సిగ్గుపడాలి, కనీసం నోరు మూసుకోవాలి. తప్పును పాఠం చేసి నలుగురి చేతా వల్లెవేయించేవాడిని ఏం చెయ్యాలి?

శనివారం సాయంత్రం పేకాట స్నేహితుల్ని వ్యానులో ఎక్కించుకుని, వంతెన దాటి అవతలి పేటకు షికారు తీసుకెళ్తానని బావ చాటింపు వేశాడు. అప్పుడే నాకు దారి దొరికింది.

వ్యాను వెనక సీటు కుట్టింది నేనే. దాని కిందే ట్యాంకు మూత. సీటు చిరిగిందని వంక పెట్టి మధ్యాహ్నం బండెక్కాను. మూత విప్పి, తేలే బంతి దగ్గర తీగను ఈ చివర్నుంచి ఊడదీసి ఆ చివరకు అతికించాను. అంతే. పావుగంట పని. ముల్లు దారికొచ్చింది. నిండితే పైకి, ఖాళీ అయితే కిందికి, లోకంలో అన్ని బళ్ళలాగే. ట్యాంకులో అడుగున కాస్తే ఉంది. ముల్లు కిందికి దిగి కూర్చుంది. ఇప్పుడు బావ చూస్తాడు, "ఆహా, నిండా ఉంది" అనుకుంటాడు, వంతెన ఎక్కేలోపు బండి ఆగుతుంది. పేకాటరాయుళ్ళు నలుగురూ దిగి తోస్తారు. తోస్తూ తిడతారు. నేను వంతెన పక్క టీకొట్టులో కూర్చుని చూస్తాను. అదీ నా లెక్క.

టీకొట్టులో మూడు టీలు తాగాను. వ్యాను రాలేదు. పేకాటరాయుళ్ళలో ఒకడికి అత్తగారొచ్చిందట, షికారు ఆగిపోయింది. ఛీ అనుకుని ఇంటికెళ్ళాను. వారం పరీక్ష శనివారంతో అయిపోయింది, రేపు ఆదివారం బండి కదలదు, బావను ఇంకోరోజు పడగొట్టొచ్చులే అనుకున్నాను. వారానికి ఏడు రోజులనీ, ఆసుపత్రిలో రోగులు ఆదివారం దుప్పట్లు లేకుండా పడుకోరనీ నా మట్టిబుర్రకు తట్టలేదు.

పొద్దున్న ఆరున్నరకు బావ నా తలుపు బాదాడు.

"ఒరేయ్ బావమరిదీ, స్కూటర్ తియ్యి! వంతెన దగ్గర బండి ఆగిపోయిందట. ఏడో రోజురా, ఇదే ఆఖరిది!"

డీజిల్ డబ్బా అందుకున్నాను.

"డబ్బా ఎందుకురా? ట్యాంకు నిండా ఉందట. ముల్లు కిందే ఉందని అమ్మడు చెప్పింది. నేనూ రాత్రి చూశాను, అమ్మడే పోయించింది కాబోలనుకున్నాను."

"ఉండనీ బావా. ఎందుకైనా మంచిది."

ముల్లు కిందుండటం చూసి ఆయనేమో కూతురు పోయించిందనుకున్నాడు, కూతురు తండ్రి పోయించాడనుకుంది. ఇద్దరూ పాఠం బాగానే నేర్చుకున్నారు.

దారిలో డీజిల్ పట్టించుకుని వెళ్ళేసరికి అమ్మడు రోడ్డు పక్కన బానెట్ ఎత్తుకుని నిలబడి ఉంది. చేతులకు మసి. ఆసుపత్రి కిలోమీటరున్నర దూరంలో ఉంది. వెనకాల తెల్లటి మూటలు ముప్ఫై.

"మామయ్యా, అన్నీ చూశాను. ఎందుకు ఆగిందో అర్థం కావట్లేదు."

"తాళం తిప్పి ఉంచు" అని ట్యాంకులో డీజిల్ పోయసాగాను.

"ఆగు! పోస్తుంటే ముల్లు పైకెళ్తోందే!"

బావ తల లోపలికి దూర్చి చూశాడు. నీలం వెలుగులో మొహం పాలిపోయింది.

"అయితే... ట్యాంకు ఖాళీగానే ఉందన్నమాట. నా మీటరుకు పిచ్చెక్కిందమ్మా."

"ఎక్కదా మరి? దానికి బిగించినవాడిదే అంటుకుంది" అంది అమ్మడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

వారం రోజులుగా నేను కోరుకున్నది అదే. బావ నోరు మూతపడింది. నలుగురి ముందు కాకపోయినా, కన్నకూతురి ముందు తల దించాడు. పండగ చేసుకోవాల్సింది పోయి, డబ్బా పట్టుకుని తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాను.

డీజిల్ బండి ఒకసారి ఎండిపోయిందంటే పోసిన వెంటనే లేవదు. గొట్టాల్లో గాలి పడుతుంది. మర కాస్త వదులుచేసి, చేతిపంపు కొట్టి, ఆ గాలంతా బుడగలు బుడగలుగా పోయేదాకా ఆగాలి. బావ పంపు కొట్టాడు, నేను మర పట్టుకున్నాను. ఏడు కొట్టింది. ఏడుంపావయింది. ఆయనకు చెమట కారుతోంది. బండి లేచేసరికి ఏడిరవై.

స్కూటర్ అక్కడే వదిలేసి మూటలు మోయడానికి నేనూ వ్యానెక్కాను.

స్టోరు మేడమ్ తలుపు దగ్గరే నిలబడి ఉంది. కళ్ళద్దాలు, చేతిలో రిజిస్టరు.

"ఏడున్నరయింది. పైవార్డు నుంచి దుప్పట్లు అప్పు తెచ్చుకున్నాం. ఏమయింది?"

అమ్మడు నోరు తెరిచేలోపే బావ ముందుకొచ్చాడు. "తప్పు మా అమ్మాయిది కాదండీ. మీటర్లు నేను బిగించాను. చెడిపోయాయి."

"ఇవాళ మీటర్లు, రేపు బ్రేకులు. చెడిపోయే బండిని నేను ఆపరేషన్ గదికి నమ్ముకోలేనమ్మా. సారీ." రిజిస్టరు తెరిచి పెన్ను మూత తీసింది.

అమ్మడు ఆ పెన్ను వంకే చూస్తోంది. కింది పెదవి పళ్ళ మధ్య పెట్టుకుంది, చిన్నప్పుడు ఏడుపు ఆపుకోవడానికి అలాగే చేసేది.

"మీటరు చెడిపోలేదండీ" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

"నేను బాగుచేశాను."

"బాగుచేస్తే బండి ఎందుకాగింది?"

చెప్పాను. తలకిందుల ముల్లు, అందరూ నేర్చిన పాఠం, సీటు కింద నా పావుగంట పని, అంతా. ఆవిడ కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుంది.

"బాగుచేసి, ఇంట్లో ఎవరికీ చెప్పలేదా? ఎందుకు?"

"నవ్వుకుందామని."

ఆ మాట నా నోట్లోంచి వచ్చి ఆ శుభ్రమైన వరండాలో పడింది. లోపల ఎక్కడో చక్రాల మంచం కదిలింది.

ఆవిడ నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసింది. నేను మా బావను వందసార్లు చూసిన చూపు అది. ఎదురుగా ఉంటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"ఈయన మీకేమవుతాడు?" అని అమ్మడిని అడిగింది.

"అమ్మకు తమ్ముడండీ." మామయ్య అని కూడా అనలేదు.

"బండి దగ్గరికి వస్తాడా?"

"ఇంక రాడు."

మేడమ్ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. "బండిలో లోపం లేదన్నమాట. మనిషిలో ఉంది. సరే, ఇంకో వారం చూస్తాను. రేపట్నుంచి మళ్ళీ మొదటి రోజు. ఈయన మా గేటులోకి కూడా రాకూడదు." ఏదో రాసి రిజిస్టరు మూసింది.

మూటలు దించాం. అయ్యాక నేను వ్యాను తలుపు మీద చెయ్యి వేశాను.

"చెయ్యి తియ్యి" అంది అమ్మడు. "బండి దగ్గరికి రావని మాటిచ్చాను."

"స్కూటర్ వంతెన దగ్గరుందే పిల్లా!"

"నడువు."

బావ ముందు సీట్లో ఎక్కాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఒరేయ్, నేను తెలియక చేశాను. నువ్వు తెలిసి చేశావు. మనిద్దర్లో వెధవెవరో మీ అక్క చెబుతుంది, ఇంటికి రా" అన్నాడు.

జన్మలో మొదటిసారి ఆయన తర్కంలో లోపం దొరకలేదు. బండి కదిలింది. ఖాళీ డబ్బా పట్టుకుని కిలోమీటరున్నర నడిచాను. నడుస్తున్నంతసేపూ ఒకటే మాట అనుకున్నాను, ఇప్పటికీ అంటాను: ఖరీదైన కారు మీటర్లు తెచ్చి ఆ డొక్కు వ్యానుకు పెట్టడం ముమ్మాటికీ తెలివితక్కువ పనే. కాకపోతే ఈ మాట ఇప్పుడు మా ఇంట్లో నా నోట వింటే ఎవరూ నవ్వడం లేదు.