సౌగంధిక ఎన్‌క్లేవ్ వారి పంది

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఎన్ని పందులున్నాయో దేవుడికెరుక. వాటన్నిటి తరఫునా రక్తమిచ్చేవి మాత్రం దేవరయాంజాల్ అవతల మోషే ఫారంలోని పందులే.

పందుల నుంచి మనుషులకు అంటుకునే రోగాలను ముందే పట్టుకోవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఊరూరా పందుల రక్తం తీసి ల్యాబుకు పంపాలి. ఆ పని పశువుల డాక్టరు ఫణిభూషణ్ నెత్తిన పడింది. ఆయన చెడ్డవాడేమీ కాదు, లంచం ముట్టడు. కానీ మురికికాలవల వెంట తిరిగే పందిని పట్టుకోవాలంటే డాక్టరు చదువొక్కటే చాలదు, పరుగుపందెం కూడా నేర్చి ఉండాలి. కొన్ని ఊళ్ళలో అసలు పందులే లేవు. లేవని రాస్తే, ఎందుకు లేవో వివరణ ఇవ్వమంటారు. మోషే ఫారానికైతే సిమెంటు రోడ్డుంది, షెడ్డులో ఫ్యానులున్నాయి, పని ముగిసేసరికి మోషే భార్య సుందరమ్మ చేతి కోడికూర పొయ్యి దిగుతుంది. అందుకని ఆయన అక్కడే పందుల ముట్టెకు ఉచ్చుతాడు బిగించి, రక్తం తీసి, సీసాల మీద ఒక్కో ఊరి పేరు రాసేవాడు.

"మా పందులు గేటు దాటకుండనే మండలమంతా తిరిగొస్తయి సార్" అని మోషే మురిసిపోయేవాడు. పెద్దసారు తన ఇంట్లో అన్నం తింటున్నాడంటే మోషేకి మిగతా లోకం చిన్నగా కనిపించేది.

అంతటితో ఆగినా బాగుండేది. తన పేరు రాసే సీసాకు నిగనిగలాడే మగపందిని తనే ఎంచి ఇచ్చాడు. మూల నక్కి ఉన్న బక్క ఆడపందిని చూపించి కన్ను గీటాడు.

"దీన్ని గా సౌగంధిక ఎన్‌క్లేవోళ్ళ పేరు మీద రాయుండ్రి సార్. పందుల్ని తరిమేయాలని కాయితం పెట్టిండ్రు గదా, ఆళ్ళక్కూడ ఒకటుండనీ!"

ఫణిభూషణ్ నవ్వి అలాగే రాశాడు. సీసాకు యజమాని పేరు కావాలి కనుక, మేడ్చల్ అంచున ఉన్న ఆ కాలనీవాళ్ళ ఫిర్యాదులో మొదటి సంతకం ఎవరిదో చూసి ఆ పేరు పెట్టాడు. అది జానకిరామయ్య గారిది.

కొన్నాళ్ళకు మోషే ఫారం రోగం లేనిదని సర్టిఫికెట్ వచ్చింది. మోషే దానికి ఫ్రేము కట్టించి, పాస్టరు గారిని పిలిచి ప్రార్థన చేయించాడు. ఫోను తెర మీద కూడా దాని ఫోటోనే పెట్టుకున్నాడు.

అయితే ఆ వానాకాలంలోనే సుందరమ్మకు జ్వరం మొదలైంది. పొద్దున దిగేది, సాయంత్రానికి మళ్ళీ ఎక్కేది. ఒళ్ళంతా చెమటలు, కీళ్ళలో పోట్లు. పాటల గుంపులో అందరికంటే గొంతెత్తి పాడే మనిషి. ఇప్పుడు చర్చిలో మోకరిస్తే ఇద్దరు పట్టుకుని లేపాల్సి వచ్చేది. ప్రైవేటు డాక్టర్లు టైఫాయిడ్ అన్నారు, తగ్గకపోతే మళ్ళీ టైఫాయిడే అన్నారు. మనిషి సగమైపోయింది.

అలాంటి రోజుల్లో ఫణిభూషణ్ ఒక కరపత్రం పట్టుకుని వచ్చాడు.

"మోషే, నువ్వు అదృష్టవంతుడివయ్యా. పంపిన సీసాల్లో ఒకదాంట్లో బ్రూసెల్లా అనే రోగం బయటపడింది. నీది కాదులే. ఆడపందులు ఈసుకుపోతాయి, అంటే నెలలు నిండకుండానే చచ్చిన పిల్లల్ని ఈనేస్తాయి. వాటిని ముట్టుకున్న మనుషులకు జ్వరం వస్తూ పోతూ ఉంటుంది, కీళ్ళు పట్టేస్తాయి. మందులున్నాయి, వారాల తరబడి వాడితే తగ్గిపోతుంది."

మోషే టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. వానల్లో ఆ బక్క ఆడపంది ఈసుకుపోతే, చచ్చిన పిల్లల్ని సుందరమ్మే ఉత్త చేతుల్తో లాగింది.

"ఏ ఊరి సీసా సార్?"

"సౌగంధిక ఎన్‌క్లేవ్."

ఆ కాలనీలో ఉల్లిపాయ తినడానికే వారం చూసుకుంటారు. అక్కడ పందేమిటి?

"సార్, గది నా పంది! మీకు తెల్వదా? మీ చేత్తోనే రాస్తిరి!"

ఫణిభూషణ్‌కు ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఒక్క సీసా అబద్ధమని ఒప్పుకుంటే అన్ని సీసాలూ అబద్ధమే, ఉద్యోగం ఊడుతుంది. "నీకు సర్టిఫికెట్ ఉంది మోషే. రోగం లేదని తేలిన ఫారాన్ని మళ్ళీ పరీక్ష చేస్తే, ఎందుకు చేశావని నన్ను అడుగుతారు" అని కరపత్రం అక్కడే వదిలి, కోడికూర ఊసైనా ఎత్తకుండా వెళ్ళిపోయాడు.

మోషే భార్యను సర్కారు దవాఖానకు తీసుకెళ్ళాడు. డాక్టర్ శృతి ఓపిగ్గా అంతా విన్నది.

"పరీక్ష చేసే సరంజామా కొద్దిగానే ఉంది. రోగం బయటపడ్డ ఫారంలో పనిచేసేవాళ్ళ రక్తమే పంపమన్నారు. మీ ఫారం పేరు ఆ వరసలో లేదు."

"ఉంది మేడం, రోగముంది! మస్తు ఉంది!" అని మోషే బతిమాలుతుండగానే అతని ఫోను వెలిగింది. తెర మీది సర్టిఫికెట్ కేసి ఆమె జాలిగా చూసింది. మోషే పూజించిన కాగితమే భార్య ప్రాణానికి అడ్డం పడింది. ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు గానీ, మోషే తీసిన గోతిలో సుందరమ్మ పడింది.

మర్నాడు సుందరమ్మను ఆటోలో కూర్చోబెట్టుకుని సౌగంధిక ఎన్‌క్లేవ్‌కు వెళ్ళాడు. ఆడిట్ ఆఫీసులో పనిచేసి రిటైరైన జానకిరామయ్య వరండాలో ఒక నోటీసును రెండు వేళ్ళతో పట్టుకుని నిలబడ్డారు. ఆయన పెంచుతున్న ఆడపందిని అప్పగించాలట, దాని పాలు అమ్మరాదట. గేదెల కోసం అచ్చువేసిన నోటీసులో గేదె కొట్టేసి పంది అని రాశారు. లోపల ఆయన భార్య పార్వతీదేవి గడపకు పసుపునీళ్ళు చల్లుతోంది.

"నాకు పంది లేదు మహాప్రభో!" అన్నారాయన, మోషేని ఆఫీసు మనిషనుకుని.

"నాకుంది సారూ! మీరు లేదంటున్నరు, నేను ఉందంటున్న. ఇద్దరం కలిసి పోదాం పట్టుండ్రి."

ఇద్దరూ ఫణిభూషణ్ ఎదుట నిలబడ్డారు. ఆయన చెమట తుడుచుకున్నాడు. "రక్తంలో రోగం కనబడ్డాక ఆ పంది లేదనడానికి వీల్లేదండి. చచ్చిందంటే శవం చూపించాలి. ఎవరికైనా ఇచ్చేశారంటే మాత్రం, అది చేరిన చోటు రోగమున్న ఫారం అవుతుంది."

"లేని ఆస్తిని ఎలా ఇవ్వనండీ? నా సర్వీసంతా ఆడిట్ చేశాను నేను!" అంటూ జానకిరామయ్య విసురుగా బయటికి నడిచారు.

బయట ఆటోలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో, సుందరమ్మ దుప్పటి కప్పుకుని వణుకుతోంది.

"ఈవిడకేమైంది?"

"గదే రోగం సారూ. గా పంది నా పేరు మీదికొస్తేనే దీనికి పరీక్ష జేస్తరంట. మీ కాళ్ళు మొక్కుత."

జానకిరామయ్య ఆటోలోకి వంగి ఆమెను చూశారు. జేబులోంచి పెన్ను తీశారు.

"గుర్తులు చెప్పు. గుర్తులు లేకుండా రాయను."

"నల్లటిది సారూ. ఎడమ చెవి చినిగుంటది."

నల్లని వర్ణము, ఎడమ చెవి చినిగిన, తాను పెంచుకున్న ఆడపందిని మోషేకు ఇష్టపూర్వకంగా దానమిచ్చినట్టు ఆయన అందమైన దస్తూరీతో రాసి సంతకం చేశారు. "గోదానం చేయమని మా ఆవిడ పోరుతోంది. చివరికి నాకు ప్రాప్తమైంది ఇదీ. ఇంట్లో మాత్రం తెలియనివ్వకు నాయనా" అన్నారు.

ఫణిభూషణ్ ముఖం వెలిగిపోయింది. ఒక్క సీసా కూడా అబద్ధమని తేలకుండా బయటపడ్డాడు. సాయంత్రంలోగా మోషే గేటుకు 'రోగగ్రస్త ఫారం' అని ఎర్ర బోర్డు పడింది. మందమొత్తానికి ఈసారి అసలు పేరుతోనే రక్తం తీశారు. రోగమున్న ఆడపందులు ఇంకా కొన్ని తేలాయి. వాటిని తోలుకుపోతుంటే, తన చేతుల్లో పుట్టి పెరిగినవని సుందరమ్మ గోడవైపు తిరిగి ఏడ్చింది.

దవాఖానకు వెళ్ళే దారిలో మోషే ఆమెకు అంతా చెప్పేశాడు. కాలనీవాళ్ళ పేరు పెట్టించింది తనేనని, నవ్వులాటకని. ఆమె అతని ముఖం చూడలేదు. ల్యాబులో రక్తం తీయబోయిన కుర్రాడి చేతిని ఆపి, "ముందుగాల పేరు రాయి బిడ్డా" అంది.

డాక్టర్ శృతి రిపోర్టు తెచ్చి, బ్రూసెల్లానే, ఈరోజే మందులు మొదలుపెడదామని చెప్పింది. "దేవునికి స్తోత్రం!" అని మోషే అరిచాడు. రోగమొచ్చిందని పండగ చేసుకుంటున్న మనిషిని జనమంతా వింతగా చూశారు.

సుందరమ్మ చెయ్యి చాపి ఆ కాగితం తీసుకుంది. బైబిలు చదివినట్టు వేలు పెట్టి తన పేరు చదివింది, మొగుడి పేరు చదివింది, ఊరి పేరు చదివింది. అప్పుడు మోషే కళ్ళలోకి సూటిగా చూసింది. మోషే తల దించుకున్నాడు.

"ఇది నాదే" అంది డాక్టరుతో. "ఇగ మందియ్యుండ్రి."