టూంగాబీలో జీడి పొక్కులు

చెట్టు కొట్టింది ఉదయశ్రీ. పొక్కులొచ్చింది ఆమె మొగుడు శివప్రసాద్‌కి. కథంతా ఇంతే. కానీ ఆ ఇంతలోనే ఎంత అన్యాయం జరిగిపోయిందో చెప్పకపోతే నాకు తిన్నది అరగదు.

ఆస్ట్రేలియాలోని టూంగాబీలో వాళ్ళు కొనుక్కున్న పాత ఇంటి పెరట్లో, కంచె పక్కన ఓ చెట్టుండేది. అక్కడ ఆకులు రాలే కాలం ఏప్రిల్. అది వచ్చేసరికి ఆకులన్నీ కుంకుమ రంగుకి తిరిగేవి. శివప్రసాద్‌కి ఆ చెట్టంటే ప్రాణం, ఫొటోల్లో బాగా పడుతుందని. ఓ గాలివానకి దాని కొమ్మ విరిగింది. విరిగిన చోట కారిన పాలు కాసేపటికి నల్లబడటం చూసి ఉదయశ్రీ గతుక్కుమంది. ఆమెది పలాస. పిన్ని జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. బూడిద రాసుకున్నా చేతులు కాలి నల్లగా ఉండేవి, అన్నం కలుపుకోవడానికి కూడా బాధపడేది.

"ఏవండీ, ఇది జీడి జాతండీ. పాలు తగిలితే ఒళ్ళంతా పొక్కిపోద్ది."

"ఆస్ట్రేలియాలో జీడేంటే? నీకు ఎక్కడ చూసినా పలాసే!"

ఉదయశ్రీ నర్సరీ ఆవిడకి ఫొటో చూపించింది. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. దాన్ని రస్ చెట్టంటారట, జీడిమామిడికి చుట్టమేనట. ఒట్టి చేతుల్తో ముట్టుకోకూడదు, నరికినా తగలబెట్టకూడదు, పొగ కూడా చెరుపే. ఆ చెట్టు కిందే వాళ్ళమ్మాయి లిఖిత బొమ్మల పెళ్ళిళ్ళు చేస్తోంది. "కొట్టేద్దామండీ" అంటే శివప్రసాద్ "వీకెండ్ చూద్దాం" అన్నాడు. ఆయన వీకెండ్ ఏ క్యాలెండర్లోనూ రాదు.

చివరికి ఉదయశ్రీయే దిగింది. రెండు జతల గ్లౌజులు, రెయిన్‌కోటు, కళ్ళకి అద్దాలు. రెండు శనివారాలు కొమ్మకొమ్మా కోసి సంచి మీద సంచి వేసి కట్టింది. మొదలు కోసి, మళ్ళీ చిగురించకుండా వెంటనే మందు పూసింది. రంపం సబ్బుతో కడిగింది, బట్టలు విడిగా ఉతికింది. శివప్రసాద్ వరండాలో కాఫీ తాగుతూ "ఎడమవైపు, ఎడమవైపు" అని దర్శకత్వం వహించాడు.

ఆఖరి కొమ్మ మిగిలినప్పుడు మాత్రం చేతుల్లేని బనీనుతో కిందికి దిగాడు. ఒక చేత్తో రంపం పట్టుకుని, కొమ్మ భుజాన వేసుకున్నాడు.

"ఒక్క ఫొటో తియ్యవే."

"ముట్టుకోకండీ, చెప్తన్నాను."

"ఏం కాదులే, తియ్యి."

తీసింది. టూంగాబీ తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపులో ఆ ఫొటో కింద 'పెరట్లో శత్రుసంహారం' అని రాసుకున్నాడు. నలభై దండాల బొమ్మలు, కండలు తిరిగిన చేతుల బొమ్మలు పదకొండు వచ్చాయి. ఉదయశ్రీ పేరు ఎక్కడా లేదు.

పేరేం పెద్ద విషయమని మీరనొచ్చు. బీరువా బిగించింది ఆమె, కొళాయి బాగుచేసింది ఆమె, గోడలకి రంగు వేసింది ఆమె. ప్రతిసారీ "మేం చేసుకున్నాం" అంటూ వచ్చాడు శివప్రసాద్. ఈసారి ఆ 'మేం' కూడా ఎగిరిపోయింది. ఎవరో ఒకరు, ఒక్కసారి, "ఇది ఉదయశ్రీ చేసింది" అంటే చాలని ఆమె మనసు కొట్టుకుంటోంది. అదేమన్నా గొంతెమ్మ కోరికా?

మూడో రోజుకి శివప్రసాద్ మెడ, భుజం, చేతులు బుడబుడా పొంగాయి. ఒక కన్ను మూసుకుపోయింది. డాక్టరు మాత్రలు రాసి, గోకొద్దని గట్టిగా చెప్పింది. ఉదయశ్రీ తడిగుడ్డలు వేసింది, లోషన్ పూసింది. జాలేసింది. లోపల కాస్త సంతోషమూ వేసింది. దేవుడున్నాడనుకుంది.

దేవుడున్నాడు గానీ ఆయన ఏ పక్షమో ఆదివారం తేలింది.

నాలుగిళ్ళ అవతలుండే చలపతి అంకుల్, శేషుకుమారి ఆంటీ మాండరిన్ పళ్ళు పట్టుకుని పరామర్శకొచ్చారు.

"అయ్యయ్యో, ఎంత కష్టపడ్డావయ్యా!" అంది ఆంటీ.

"పని చేసినోడి ఒంటి మీద కనపడుద్దోయ్. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?" అన్నాడు అంకుల్.

ఆంటీ ఉదయశ్రీ చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. "ఒక్క పొక్కు లేదు. ఈగ వాలనీకుండా చూసుకుంటున్నాడు, పెట్టి పుట్టావే!"

"But Mum cut it, Uncle" అంది లిఖిత.

"గుడ్ గర్ల్! ఆల్వేస్ సపోర్టింగ్ మమ్మీ!" అని అంకుల్ పిల్ల బుగ్గ గిల్లాడు. "శివా, మా పెరట్లోనూ ఇదే చెట్టుందయ్యా. శనివారం నువ్వే వచ్చి తీసెయ్యాలి. నీకు ఎక్స్‌పీరియన్స్ ఉందిగా!"

శివప్రసాద్‌కి మూసుకున్న కన్ను కూడా తెరుచుకుంది. మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వచ్చాడు.

"ఉదయా, నువ్వు వెళ్ళవే. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఆ మాట అక్కడ, ఆళ్ళ ముందర చెప్పండి. చెట్టెవరు కొట్టారో చెప్పండి. అప్పుడెళ్తాను."

పాపం, చెప్పాడు. అన్యాయంగా మాట్లాడకూడదు, నిజాయితీగానే చెప్పాడు. "అంకుల్, చెట్టు కొట్టింది ఉదయ. నేను ఒట్టి ఫొటో దిగానంతే."

అది ఉదయశ్రీ పన్నెండేళ్ళుగా చెవులు కాయలు కాచేలా ఎదురుచూసిన మాట.

ఆంటీ చెంగుతో కళ్ళొత్తుకుంది. "ఒళ్ళంతా పుండైనా పేరు మాత్రం పెళ్ళానికే ఇస్తున్నాడు చూడండి! ఈ కాలంలో ఇట్లాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడే?"

"ఎదిగినకొద్దీ ఒదగడమంటే ఇదేనోయ్!" అని అంకుల్ భుజం తట్టబోయాడు. శివప్రసాద్ కెవ్వుమన్నాడు. తర్వాత భార్య వంక నిస్సహాయంగా చూశాడు. ఆ తర్వాత, మెల్లగా, తల వంచుకుని వినయంగా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఉదయశ్రీకి ఒళ్ళు మండిపోయింది, ఏ ఆకూ తగలకుండానే.

అయినా శనివారం వెళ్ళింది. మాటంటే మాటే. పైగా అంకుల్ వాళ్ళ మనవలు అదే చెట్టుకి ఊయల కట్టించుకోవాలని చూస్తున్నారు.

"శివ అంతా నేర్పించే పంపించుంటాడులే" అంది ఆంటీ మజ్జిగ ఇస్తూ. ఉదయశ్రీ మజ్జిగ తాగింది. గ్లౌజులు తొడుక్కుంది, అద్దాలు పెట్టుకుంది. మధ్యాహ్నానికి చెట్టు సంచుల్లో ఉంది. ఒక్క కొమ్మ మిగిలింది.

అప్పుడొచ్చాడు చలపతి అంకుల్, పొట్టిచేతుల చొక్కా వేసుకుని, ఫోను పట్టుకుని. వస్తూనే కొమ్మ వైపు చెయ్యి చాపాడు.

"ముట్టుకోకండి అంకుల్! ఇది జీడి. మా ఆయన్ని చూశారు కదా."

"చూశాన్లేమ్మా. పని చేసేవాళ్ళకి అవన్నీ మామూలే. గ్రూపులో పెట్టాలి, ఒక్క ఫొటో తియ్యి."

"నా మాటినండి అంకుల్. నిజంగానే పొక్కిపోద్ది."

"నీకు తెలీదు, ఊరుకోమ్మా!" అని ఆయన ఫోను వరండా మెట్టు మీద పెట్టి, కొమ్మని ఎత్తి భుజాన వేసుకున్నాడు. నల్లబడ్డ పాలు మెడకి తగిలాయి. రంపం ఇంకో చేతిలోకి తీసుకున్నాడు, పొట్ట లోపలికి పీల్చాడు.

రెండుసార్లు చెప్పింది. పలాసలో పిన్నికి ఆ పాటి చెప్పినవాళ్ళు కూడా లేరు.

ఉదయశ్రీ జాగ్రత్తగా గ్లౌజులు విప్పి, ఫోను అందుకుంది.

"నవ్వండి అంకుల్" అంది.