ఎత్తి కట్టని గొట్టం

ఆ మాట మొదట అన్నది మస్తూరా ఖాలా, రొట్టెల అంగడి దగ్గర. అక్కడినుంచి మాంసం కొట్టుకు, మాంసం కొట్టునుంచి బస్సు స్టాపుకు నడిచి, ఎర్గాష్ తమ్ముడి భార్య చెవిన పడి, చివరికి పొద్దుటి టీతోపాటు అతని ముందుకే వచ్చింది.

"మూడో అంతస్తు సనోబర్ ఇంట్లో గిన్నెలు కడిగే మిషను నెల తిరక్కుండా పాడవుతోందంట. ఒంటి మనిషి ఎంగిలి గిన్నెలకు అంత రోగమేంటి? ఆ రిపేరు ఉస్తా ఊళ్లో ఆడవాళ్లందరినీ అక్కా అని పిలుస్తాడు, ఆమెను మాత్రం ఏమీ పిలవడంట. అది ఆలోచించండి, అందంట."

చెప్పి, మరదలు రుమాలు కొస నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇవాళ ఎటు బావగారూ, పని?"

"చిలన్‌జార్ వైపు," అన్నాడు ఎర్గాష్, పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకుంటూ. సనోబర్ ఉండేదీ చిలన్‌జార్ పేటలోనే. మరదలు ఇంకేమీ అడగలేదు.

అరవైకి దగ్గరపడ్డ మనిషి. సగం జీవితం ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో బోల్టులు బిగించాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇళ్లల్లో మిషన్ల కింద దూరడం మొదలుపెట్టాడు. పెళ్లయిన రెండో చలికాలమే భార్య పోయింది. అప్పట్నుంచీ తమ్ముడి వాకిట్లో, ద్రాక్షపందిరి చివరి గది అతనిది. రాత్రి పలావు మీద ఇంకో పళ్లెం బోర్లించి గుమ్మం దగ్గర పెడతారు. అతను వచ్చేసరికి కొవ్వు తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. టీవీ ఆగిపోయినప్పుడు తప్ప ఆ వాకిట్లో అతన్ని ఎవరూ పేరుపెట్టి పిలవరు.

సనోబర్ ఇంటి మెట్లెక్కుతూ, ప్రతిసారీ లాగే, మాట కూడగట్టుకున్నాడు. మీరూ ఒక్కరే, నేనూ ఒక్కణ్ణే. అంతే మాట. రెండో అంతస్తుదాకా నోట్లో బాగానే తిరుగుతుంది. మూడో అంతస్తు తలుపు తెరుచుకునేసరికి ఎటు పోతుందో తెలియదు.

"రండి ఉస్తా," అంది సనోబర్. "మళ్లీ నిలిచాయి నీళ్లు."

మోకాళ్ల మీద కూర్చుని మిషను తలుపు కిందికి దించాడు. అడుగున బెత్తెడు మురికినీళ్లు, పైన గొర్రె కొవ్వు చుక్కలు చుక్కలుగా తేలుతోంది. లోపల ఒక గిన్నె, ఒక చెంచా, టీ తాగే పిడిలేని పియాలా ఒకటి. జల్లెడ ఊడదీస్తే బూడిదరంగు పిండిముద్ద చేతికొచ్చింది. ఈ ఊళ్లో రొట్టెను చెత్తబుట్టలో వేసేవాళ్లు లేరు. ముక్క కింద పడితే ముద్దుపెట్టుకుని, నుదుటికి తాకించి గూట్లో పెడతారు. పళ్లేనికంటిన పొడిని ఏం చేయాలో ఏ పెద్దవాళ్లూ చెప్పి పోలేదు గనక, సనోబర్ దాన్ని పళ్లెంతోపాటే మిషన్లోకి తోసేది. ఎర్గాష్ సగం ఇళ్లల్లో ఇదే ముద్ద తీస్తుంటాడు.

అయితే అసలు రోగం వెనక ఉంది. మురికినీళ్లు పోయే గొట్టం నేలమీద వాలిపోయి ఉంది. దాన్ని సింకు ఎత్తుకు లేపి కట్టాలి. లేకపోతే సింకు నీళ్లు వెనక్కి తిరిగి మిషన్లోకే వస్తాయి. వచ్చిన మొదటి రోజే అతను చూశాడు. ఒక మేకు, ఒక పట్టీ చాలు. చేయి సంచీలోకి పోయింది కూడా. అప్పుడే ఆమె పియాలాలో టీ పోసింది, రెండు గుక్కలకు మించకుండా. ఇక్కడి మర్యాదలో, కొంచెం పోస్తే కూర్చోమని, మళ్లీ పోస్తామని అర్థం. అంచుదాకా పోస్తే తాగి లేవమని. ఆ రోజు ఎన్నిసార్లు రెండు గుక్కలు పోసిందో. ట్రాము నడిపిన, చనిపోయిన మొగుడి గురించి చెప్పింది, తన వేలి కీళ్లు వాచాక అతను ఈ మిషను కొనుక్కొచ్చిన సంగతి చెప్పింది. ఎర్గాష్ ఫ్యాక్టరీ సైరన్ గురించి చెప్పాడు. బయటికొచ్చేటప్పుడు గొట్టం నేలమీదే ఉంది.

ఎత్తి కడితే ఈ మెట్లెక్కడానికి ఇంకో కారణం దొరకదు. అందుకే ఆ తర్వాత కూడా ప్రతిసారీ పిండిముద్ద తీసి, నీళ్లు తోడి, అలాగే వదిలేశాడు.

జల్లెడ కడుగుతూ తల తిప్పి చూస్తే గది నేలమీద తివాచీ లేదు. చుట్టి, తాడేసి గోడకు నిలబెట్టారు. గోడమీద అద్దం ఉన్నచోట తెల్లని చదరం. కిటికీ కింద అట్టపెట్టెలు.

సనోబర్ పియాలా తెచ్చి బల్లమీద పెట్టింది. టీ అంచుదాకా ఉంది. ఇంకో చుక్క పడితే పొర్లేది.

ఎర్గాష్ దానివైపు కాసేపు చూశాడు.

"ఫ్లాటు అమ్మేశాను ఉస్తా. ఆదివారం నమంగాన్ వెళ్లిపోతున్నా, చెల్లెలింటికి. కొన్నవాళ్లు మిషను నడవాలన్నారు. ఈసారి గట్టిగా చేయండి."

అతను మిషన్ని రెండు చేతులా కౌగిలించినట్టు పట్టి ముందుకు లాగాడు. బోర్లా పడుకుని గోడ పక్కకు దూరాడు. దుమ్ము ముక్కులోకి పోయింది. గొట్టాన్ని పైకి లేపి, సింకు అంచుకింద పట్టీ చుట్టి, మేకు దిగగొట్టాడు. మరొకటి కూడా కొట్టాడు, అవసరం లేకపోయినా. మీట నొక్కితే నీళ్లు గుడగుడమని లేచి, గొట్టం మెలిక దాటి, ఆఖరి చుక్కదాకా పోయాయి.

"అది మొదటిసారే చేయాల్సింది," అంది వెనకనుంచి సనోబర్.

"కనబళ్లేదు."

"మా ఆయనకు ట్రాము తప్ప ఏం తెలుసు? సింకు కింద పనులన్నీ నావే. నాకు కనబడింది."

అప్పటికే ఒకసారి తుడుచుకున్న చేతుల్ని ఎర్గాష్ మళ్లీ గుడ్డతో తుడుచుకున్నాడు.

"ఎప్పటికైనా నోరు విప్పుతారని చూశాను," అంది ఆమె, కోపమేమీ లేకుండా. "ఇనుముతో తప్ప మాట్లాడరు మీరు."

మెట్లమీద కూడగట్టుకున్న మాట గొంతుదాకా వచ్చింది. నాలుక మీదికి చేరేసరికి ఇంకో మాటయింది.

"మీ చెల్లెలింట్లో మిషను ఏ రకం? పాడైతే ఫోను చేయండి. ఎంత దూరం, వచ్చేస్తా."

నమంగాన్ కొండకనుమకు అవతల ఉంది. సనోబర్ మిషన్లోంచి గిన్నె తీసింది, చెంచా తీసింది, పియాలా తీసి, కడిగి కాగితంలో చుట్టింది. బల్లమీద నిండు టీ ముట్టకుండా చల్లారుతోంది.

"అక్కడ మిషను లేదు ఉస్తా. పదిహేనుమంది తిని లేచే ఇల్లు. నన్నెందుకు రమ్మన్నారనుకుంటున్నారు?"