బొగ్గు బస్సు లీకు

తిరుపతిలో ఏ బండి మూలిగినా శాంతయ్య షెడ్డుకే రావాలి. స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద, పిడి చెవి దగ్గర ఆనించి, కళ్ళు మూసుకుని వింటాడు. ఏ వాల్వు వదులైందో, ఏ బేరింగు అరిగిందో చెప్పేస్తాడు. కిందికి వంగి చూస్తే చాలు, కారేది నూనో నీళ్ళో, ఎక్కణ్ణుంచో కూడా తేల్చేస్తాడు. పనిమంతుడే గానీ, గర్వం పాలు కాస్త ఎక్కువ. "కారితే కంటికి కనపడల్ల, చెడితే చెవికి వినపడల్ల. మూడోది లేదప్పా" అనేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సుల వెనక బొగ్గుల పొయ్యి బిగించి, ఆ గ్యాసుతోనే నడిపేవాళ్ళు. శాంతయ్య తమ్ముడు జయరావు అలాంటి బస్సుకే డ్రైవరు. వానాకాలం ఒక పొద్దున బస్సు తెచ్చి షెడ్డు ముందు నిలిపాడు.

"ఇంజను టకటకమంటాండాదన్నా. ఇంకోటి, బండి నిలిపి కూర్చున్నప్పుడల్లా తలకాయ నొప్పొస్తాండాది నాకు."

"పని లేక కూర్చుంటే తలకాయ నొప్పి గాక ఏమొస్తాదిరా" అని శాంతయ్య నవ్వాడు. జయరావూ నవ్వాడు. టకటక వాల్వుల్ని ఎత్తే టాపెట్లది. గంటలో సరిచేశాడు. ఇంజను మెత్తగా ఆడుతుంటే మురిసిపోయాడు.

ఆ మధ్యాహ్నం అలిపిరి దగ్గర, కొండెక్కిన యాత్రికుల కోసం జయరావు బస్సు నిలిపాడు. జోరున వాన. పొయ్యి ఆర్పితే మళ్ళీ రాజెయ్యడానికి అరగంట పడుతుందని డ్రైవర్లెవరూ ఆర్పరు. తెరలు దించుకుని సీటు మీద పడుకున్నాడు. యాత్రికులు దిగివచ్చి లేపితే లేవలేదు.

డాక్టరు గుండె ఆగిందన్నాడు. ఊరు దేవుడు పిలుచుకున్నాడంది. సమాధి చేసిన మర్నాడు శాంతయ్య ఒక్కడే పొయ్యి రాజేసి, బస్సు కిందికి దూరి, పొయ్యి నుంచి ఇంజనుకు పోయే గొట్టం అతుకులకు సబ్బు నురగ పూశాడు. డ్రైవరు సీటు కిందనే బుడగలు లేచాయి. చప్పుడు లేదు, చుక్క లేదు. ఇంజను నడిచేటప్పుడు ఆ గ్యాసును అదే లాగేసుకుంటుంది. ఆగితే విషమంతా సీటు మీదికే వస్తుంది. వాడు నోరు తెరిచి చెప్పాడు కదా, తను వినలేదు కదా అని శాంతయ్య ఆ బస్సు కిందే పొర్లి పొర్లి ఏడ్చాడు.

ఈ సంగతి ఎవరికీ తెలియదు. చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. అయినా కడుపులో దాచుకోలేక, మూడో రోజు తమ్ముడి భార్య సంతోషమ్మ ముందు కూలబడి ఉన్నదంతా చెప్పేశాడు.

"తలకాయ నొప్పన్నాడమ్మా వాడు. నేను నవ్వి పంపిస్తి. నిలబడిన బండ్లో ఉండొద్దురా అని ఒక్క మాటంటే బతికేవాడు. నన్ను తిట్టమ్మా."

సంతోషమ్మ తిట్టలేదు.

"నాతోనూ చెప్పినాడు బావా. ఆ పొద్దు బువ్వకొచ్చినప్పుడు శొంఠి పట్టేసి, వానలో తిరగొద్దు, తెరలు దించుకోని బండ్లోనే కాసేపు పడుకో అని నేనే పంపిస్తి."

తన బరువు దించుకుందామని వచ్చి దాన్ని ఎవరి నెత్తిన పెట్టాడో శాంతయ్యకు అప్పటికి తెలిసింది. కాదమ్మా, నీ తప్పు కాదమ్మా అని చేతులు పట్టుకుని ఎన్నిసార్లు చెప్పినా, ఆమె మాత్రం "నేనే పంపిస్తి" అంటూనే ఉంది.