ఉప్పాడ ఇంటి పాలసీ

చొక్కా ఇస్త్రీ చేస్తూనే ఏలియా చెవికీ భుజానికీ నడుమ ఫోను ఇరికించుకుని ప్రమీలకు మళ్లీ చేశాడు. అది మోగి మోగి ఆగిపోయింది. ఆఫీసుకూ చర్చికీ పెళ్లిళ్లకూ ఆయనకున్నది ఆ నీలం చొక్కా ఒక్కటే. ఉతికి ఉతికి కాలరు అంచున దారాలు తేలాయి. ఆ దారాలను గోటితో తుంచుతూ, "ఫోను యాడ పెట్టి మరిచిపోయిందో ఆ యమ్మ," అన్నాడు.

"డ్యూటీలో ఉండాదేమో. సాయంత్రం చెయ్యకూడదా?" వంటింట్లోంచి అంది భార్య అనసూయ.

"సాయంత్రం దాకా గాలివాన ఆగతాదా?"

ప్రమీల వాళ్ల చర్చికి వచ్చే నర్సు. పుట్టిన ఊరు ఉప్పాడ. బెంగళూరులో సంపాదించిందంతా కూడబెట్టి అక్కడ సముద్రానికి కూతవేటు దూరంలో చిన్న రేకుల ఇల్లు కొని అద్దెకిచ్చింది. నిప్పుకూ తుఫానుకూ ఆ ఇంటికి పాలసీ కట్టించింది ఏలియానే. అది ఈ పొద్దుతో ముగిసిపోతుంది. బంగాళాఖాతంలో లేచిన తుఫాను కాకినాడ వైపే వస్తోందని టీవీ వాళ్లు తెల్లారినప్పటి నుంచీ చెబుతున్నారు. అలాంటి హెచ్చరిక వచ్చాక కంపెనీ ఆ ఊళ్లకు కొత్త పాలసీలు ఇవ్వదు. పాతదాన్ని గడువు లోపల పొడిగించుకుంటే సరే, లేకపోతే ఇక ఆ ఇంటికి దేవుడే దిక్కు.

అన్నం తిని వెళ్లమని అనసూయ అంటూనే ఉంది. ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టేశాడు.

ఏలియా తాత అనంతపురం వైపు నుంచి బతకడానికి వచ్చి బెంగళూరు కె.ఆర్.పురంలో స్థిరపడ్డాడు. ఏలియా అక్కడే పుట్టి, అక్కడే చదివి, ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేశాడు. ఫ్యాక్టరీలో మనుషులను తగ్గించినప్పుడు బయటికొచ్చి ఇన్సూరెన్సు ఏజెంటయ్యాడు. చర్చిలో కోస్తా నుంచి వచ్చిన నర్సులూ టీచర్లూ ఎక్కువ. ఎవరిని కదిలించినా సొంత ఊళ్లో, సముద్రం పక్కన, అద్దెకిచ్చిన ఓ ఇల్లుండేది. అలా ఆయనకు చీరాల, బాపట్ల, కాకినాడ నోటికి అలవాటైపోయాయి. సముద్రాన్ని మాత్రం ఆయన ఎన్నడూ చూడలేదు. ఒకసారి ఏజెంట్లందరినీ విశాఖకు తీసుకెళ్లారు. ఆ వారమే అనసూయకు ఆపరేషనయింది. "సముద్రం యాడికి పోతాది, ఆడే ఉంటాది," అని ఆసుపత్రి మంచం పక్కనే కూర్చుండిపోయాడు.

ఆయనకు ఒకటే బాధ. ఇల్లు కూలితే యజమానికి పాలసీ ఉంటుంది, లోపలున్న సామాన్లు అద్దెకున్న వాళ్లవి, వాటికేమీ ఉండదు. వాళ్లను వేరే పాలసీ తీసుకోమంటే నవ్వేవాళ్లు. అందుకని గాలివాన కబురు వచ్చినప్పుడల్లా, ముఖమైనా చూడని ఆ మనుషులకు ఫోను చేసి జాగ్రత్తలు చెబుతుంటాడు. దానివల్ల ఆయనకు పైసా రాదు. అనసూయ విసుక్కుంటుంది గానీ, ఛార్జింగు అయిపోతే తన ఫోను తెచ్చి ఇస్తుంది.

ప్రమీల పనిచేసే ఆసుపత్రికి వెళ్లి వరండాలో చాలాసేపు నిలబడ్డాక ఆమె టోపీ సర్దుకుంటూ బయటికొచ్చింది.

"అంకుల్! మీరేంటి ఇక్కడ? సారీ అంకుల్, ఐసీయూలో ఉంటే ఫోన్ లాకర్‌లో పెట్టేస్తాం."

"దానికేముండాదిలేమ్మా. పాలసీ ఈ పొద్దుతో అయిపోతాది. తుఫాను మీ ఊరి మీదికే వస్తాండాదంట. ఫోను తెచ్చి ఒక్కసారి నొక్కేయ్."

ఆమె చెయ్యి నోటి దగ్గరికి పోయింది. "అయ్యో, ఆఫ్ రోజున కడదామనుకున్నా అంకుల్. పూర్తిగా మర్చిపోయా!"

పరుగున వెళ్లి ఫోను తెచ్చింది. డబ్బు వెళ్లింది. పాలసీ వచ్చినట్టు మెసేజు పడేదాకా ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని ఆ తెరనే చూస్తూ నిలబడ్డారు. మెసేజు పడ్డాక ఏలియా "స్తోత్రం" అనుకున్నాడు. ఆ వెంటనే, "ఇప్పుడు జరీనమ్మకు చెయ్యి," అన్నాడు.

జరీనా ఆ ఇంట్లో అద్దెకుండే దర్జీ. ప్రమీల ఫోను కలిపి స్పీకరులో పెట్టింది. ఏలియా పలకరించాడు.

"గాలి మొదలైపోయిందండి సారూ," అంది జరీనా. "బడి కాడికి వెళ్లిపొమ్మంటున్నారండి. మిషను వదిలేసి ఎలా వెళ్లనండి? ఊళ్లో పిల్లల క్రిస్మస్ గౌన్లన్నీ నా దగ్గరే ఉన్నాయండి."

"మిషను తల ఊడదీసి సంచిలో కట్టుకో తల్లీ. కాళ్లు ఉంటే ఉండనీ. గౌన్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డ్రమ్ములో పెట్టి మూత బిగించు, ఆటోలో వేసుకో. గ్యాసు కట్టేసి, కరెంటు మెయిన్ ఆపి, నువ్వు పో. ఇంటిని మేము చూసుకుంటాం."

"అలాగేనండి."

ఏలియా ఫోను మీదికి ఇంకాస్త వంగాడు. "ఒగ మాటమ్మా. ఫోన్లో సముద్రం ఈడికి వినపడతాదా?"

"ఎందుకు వినపడదండి? ఇదిగో, వినండి."

ఆమె ఫోను కిటికీలోంచి బయటికి చాచినట్టుంది. ఏలియా స్పీకరు ఆపించి ఫోను చెవికి ఆనించుకున్నాడు. స్టేషనులో ఆగకుండా పోయే గూడ్సు బండి మోత లాంటిది వినిపించింది. బండికైతే చివరి పెట్టె వస్తుంది. దీనికి చివరన్నది లేదు. ఆయన కళ్లు మూసుకున్నాడు. స్ట్రెచరు తోసుకొచ్చిన వాళ్లు దారి అడిగి, ఆయన ముఖం చూసి, పక్కనుంచి వెళ్లిపోయారు.

"క్రిస్మస్ అయ్యాక లీవ్ పెడతా అంకుల్. ఆంటీని తీసుకుని మీరూ రావాలి," అంది ప్రమీల.

"వస్తాంలేమ్మా," అన్నాడు, ఫోను తిరిగిస్తూ.

సాయంత్రం స్టేషను బయట బండి మీద కమలాపండ్లు కొనుక్కుని ఇంటికొచ్చాడు. ఎడమ భుజం లాగుతోందని, బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడ్డందుకేనని అన్నాడు. అనసూయకు పళ్లు కదులుతున్నాయి, గింజ తగిలితే ప్రాణం పోతుంది. ఆయన గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని, ఒక్కో తొన మీది తెల్లపీచు లాగి, గింజ తీసి, కిటికీ గట్టు మీది పళ్లెంలో పెట్టసాగాడు.

"సముద్రం విన్నానే ఈ పొద్దు."

"ఎట్లుండాది?"

ఆయన ఇంకో గింజ తీసి పక్కన పడేశాడు. "పెద్దదిగా ఉండాది."

అనసూయ నవ్వింది. పైన ట్యాంకు పొర్లుతుంటే మోటారు ఆపడానికి లోపలికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆయన తల తలుపు చెక్కకు ఆని ఉంది. అలిసిపోయి కునుకు తీస్తున్నాడనుకుని, దుప్పటి తెచ్చి కప్పింది. కప్పేటప్పుడు చెయ్యి తగిలాకే ఊపిరి లేదని తెలిసింది.

మర్నాడు పొద్దున, పాస్టరుగారి ప్రార్థన అవుతుండగా ఏలియా ఫోను మోగింది. యూనిఫారంలోనే వచ్చి పక్కన కూర్చున్న ప్రమీల దాన్ని అందుకోబోతే, అనసూయే తీసుకుంది.

"సారండీ, జరీనానండి. రేకులు ఎగిరిపోయాయండి, తూర్పు గోడ పడిపోయిందండి. నేనూ మిషనూ బాగానే ఉన్నామండి. గౌన్లు ఒక్కటి కూడా తడవలేదండి!"

నోట్లో కుక్కుకోవడానికి కొంగు లేక ప్రమీల, అరచేత్తో నోరు మూసుకుంది. అనసూయ మాత్రం అంతా విన్నది.

"మంచిదమ్మా," అంది. "ఆయనకు చెప్తాను."

కిటికీ గట్టు మీద పళ్లెం ఇంకా అలాగే ఉంది. పీచు తీసిన కమలా తొనలు ఒకదాని పక్కన ఒకటి ఆరిపోయి ఉన్నాయి. చివరి తొన మీద మాత్రం సగం ఊడిన తెల్లపీచు ఒకటి, గాలికి కాస్త కాస్త కదులుతోంది.